ఓటిస్ ఎవరి కుక్క

విస్కాన్సిన్‌లో ఓ చిన్న ఊరు, శుక్రవారం సాయంత్రం. ఆమె కంచె దగ్గర నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. ఆమె కుక్క ఓటిస్, పూడిల్ జాతి కుక్కకీ గొర్రెలు కాసే కుక్కకీ పుట్టిన ఉంగరాల బొచ్చువాడు, ఇవాళ కూడా పక్కింటి ముసలావిడ గుమ్మంలోనే ఉన్నాడు.

“ఏం పెట్టి మరిగించావు తల్లీ నా కుక్కని?”

“మంచినీళ్ళు కూడా పెట్టలేదే!”

“అబద్ధం. నిన్న చెవుల వెనక చిక్కులన్నీ విడిపోయి వచ్చాడు. నేను దువ్వెన తీస్తే మంచం కింద దూరతాడు.”

“నువ్వు పైపైన దువ్వి, అడుగున ఉండకట్టాక పీకుతావు. పాయలు పాయలుగా తీస్తే హాయిగా నిద్రపోతాడు.”

“ఆహా, పాఠాలు కూడానా! తెల్లారకుండా మంచులో తిప్పేది నేను. భోజనాల వేళకి నీ గుమ్మం కావాలి వాడికి! నేనంటే ఇష్టం లేదేమో, చెప్పు.”

“పిచ్చిదానా, వాడు నా దగ్గర ఉండడానికి రాడు. నా మడమ పట్టుకు లాగుతాడు, వెనక చేరి మీ ఇంటివైపు తోస్తాడు. నేను కదలను. జాలేసి దువ్వుతాను.”

“మా ఇంటివైపా? ఎందుకూ?”

“మా ఆయన గ్లెన్ పోయాక శుక్రవారం శుక్రవారం చేపల వేపుడికి మీ ఇంటికి రావడం మానేశానుగా. మందలో ఒకటి తప్పిపోయిందనుకుంటున్నాడు.”

ఆమె గేటు గడియ తీసింది.

“రా, చేపలు చల్లారిపోతున్నాయి. సోఫాలో వాడి పక్క చోటు మాత్రం నాది, ముందే చెప్తున్నా.”