ఇంటి డబ్బా

(చింతామణి, 1957. బజారువీధిలో శంకరనారాయణ అంగడి. సోమేనహళ్ళి నుంచి మునిలక్ష్మమ్మ అనపకాయల గంపతో వచ్చింది. లోపలి గదిలో అతని భార్య కౌసల్యమ్మ.)

“పన్నునొప్పి ఇంకా తగ్గలేదా అక్కా?”

“యాడ తగ్గుతాదప్పా! నెలనుంచీ నీ లవంగాలే నమలతాండా. దవడ కింద పెట్టుకొనే పడుకొంటాండా. చెక్కపేడు నమిలినట్టుండాది.”

“ఒగొగరి ఒంటితీరు అట్లుంటాది. ఇంగో రెండు తులాలు కట్టిస్తాలే. దుడ్డేమీ వద్దు. అనపకాయలు తెస్తివి కదా.”

“తొలికోత. ఏటేటా మొదటి గంప నీ ఇంటికే. సంతలో అమ్మకుండా ఆ సెట్టికెందుకే అని మా ఆయన తిడతాడు. నా తమ్ముడులే అంటా.”

“నీ మనసు బంగారం అక్కా. ఇందా, ఈ గోనెలోంచి ఇప్పుడే తీసినా. కొత్త సరుకు.”

“ఏమండీ! మన పాప వనజాక్షికి కషాయంలోకి నాలుగు లవంగాలు కావల్ల. ఇంటి డబ్బా ఇట్లియ్యండి.”

“ఉండవే కౌసల్యా, బేరంలో ఉండా.”

“ఇంటి డబ్బానా? అదేందమ్మా కౌసల్యమ్మా?”

“అయ్యో, మీరా వదినా! అదే, మా కోసరం వేరేగా ఎత్తిపెట్టుకొనే...”

“నువ్వు లోపలికి పో!”

“దాన్నెందుకప్పా అరుస్తావు? నాకు ఒక చెంబు నీళ్ళియ్యి.”

“దప్పికా అక్కా? మజ్జిగ తెప్పిస్తా...”

“నీళ్ళు చాలు. నువ్వే కదా నేర్పిస్తివి? మంచి లవంగం నీళ్ళలో ఏస్తే కాడ కిందికి పెట్టి నిలబడతాది, నూనె తీసేసింది అడ్డంగా తేలతాది అని. ఇందా, నువ్వు కట్టిచ్చినవి ఏస్తాండా.”

“పాతవి రెండు మూడు కలిసుంటాయిలే.”

“కొత్త సరుకు అంటివే ఇప్పుడే?”

“కలిసుంటాయి అంటాండా కదా అక్కా!”

“అన్నీ పడుకొన్యాయప్పా, అన్నీ. ఆ డబ్బా ఇట్లియ్యి. ఇయ్యి అంటాండా! ఆ... చూడు, ఎట్ల నిలబడినాయో.”

“అందరూ అమ్ముతాండేది అదే అక్కా. తైలం తీసేసిందే మద్రాసు నుంచి వస్తాండాది. పల్లెవాళ్ళు కూరలో ఏసుకొంటారు, ఎవురికి తెలస్తాది...”

“నేను కూరకు అడిగినానా? నొప్పికి అడిగినా. అక్కా అక్కా అంటానే ఇచ్చినావే!”

“తప్పైపోయె. ఈ డబ్బా అంతా నీదే, తీసుకో. దవడ కింద పెట్టుకో, సాయంత్రానికి నొప్పి లాగేస్తాది.”

“యాడుండాదప్పా నొప్పి? పన్ను మొన్నే ఆసుపత్రిలో పీకించేసినా. ఇవి నూనె తీసిన పిప్పి అని ఆ డాక్టరు అంటే, నా తమ్ముడట్లాటివి ఇయ్యడని ఆయనతో కొట్లాడి వచ్చినా. ఈ పొద్దు నీ చెయ్యి యాడికి పోతాదో చూసి పోదామనే వస్తి.”