తట్టాంచావడి షెడ్డు

సొంత సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడ్డాక, కంపెనీ పెట్టడమెలాగో యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, ఆ పేరుతోనే పాండిచ్చేరి సర్కారులో కంప్యూటర్ కంపెనీలకు షెడ్లిచ్చే ఆఫీసరయ్యాడాయన. తట్టాంచావడి పారిశ్రామికవాడలో కంపెనీ పెట్టుకోవడానికి సర్కారు షెడ్డు అడిగిన ఆయన పాత శిష్యురాలు, ఎండలో నడిచొచ్చి ఆ ఏసీ గదిలో నిలబడింది.

“రామ్మా! నా స్టూడెంటువి, నీ ఫైలు మరచిపోతానా?”

“యాడ మరుస్తారు సార్? దానిమీదే కదా టీ గ్లాసు పెట్టుకోనుండారు.”

“తొందరపడితే ఎట్లమ్మా? ముందు అనుభవం ఉండాల. ఏదన్నా కంపెనీ నడిపినావా?”

“నడిపేదానికే సార్ షెడ్డు అడిగేది.”

“రూల్సు అట్ల ఉండాయి. వచ్చే నెల రా.”

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

“సరే సార్. మీ కంపెనీ ఎందుకు మూతబడిందో క్లాసులో చెప్తిరే, గుర్తుందా?”

“లేకేం? ఒక ఆఫీసరు వచ్చే నెల, వచ్చే నెల అని తిప్పి తిప్పి చంపినాడు. సర్కారులో మనలాంటోళ్ళు ఉండాలని ఆ పొద్దే అనుకొంటి.”

“ఆ ఆఫీసరు ఏ గదిలో కూర్చోనుండె సార్?”

ఆయన గ్లాసెత్తి ఒక గుక్క తాగి, మళ్ళీ ఫైలు మీదే పెట్టాడు.

“ఈ గదిలోనే. పాపం, ఆయనకి అప్పుడు ఏసీ కూడా లేదమ్మా.”