ఇద్దరు ఎత్తే మిషను

2012, వానాకాలం. మోతె శివారులో యాదగిరి పొలం గట్టు. సూర్యాపేట నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చిన పెద్ద వెల్డింగ్ మిషన్ దించి, మత్తయ్య, సుందరమ్మ కరెంటు కోసం కూర్చున్నారు.

“...అదే చిన్న మిషనయితే ఈ పాటికి పని చేసుకొని ఇంటికాడ ఉందుము గద అంటున్న.”

“మల్లా మొదలువెట్టినవా సుందరా?”

“మొదలువెట్టుడేంది, పొద్దటిసంది బందు చేస్తే గద! ఆ మోటరు గుడిసెల బల్బు సూడు, ఎలుగుతున్నది. సింగిల్ ఫేజ్ ఉన్నది. నీ కాడ పని నేర్చుకున్న నరేష్ చిన్న మిషనయితే ఆ బల్బు కరెంటుతోనే నడుస్తది. మన ఏనుగుకు త్రీఫేజే గావాలె.”

“నడుస్తది, నడుస్తది. ట్రాక్టర్ కేజివీలు, గా బురదల తిరిగే ఇనుప చక్రం, దాని పట్టీ ఎంత మందమున్నదో సూసినవా? దానికి లావు రాడు పెట్టాలె. చిన్నదాని మీద లావు రాడు పెడితే పది రాడ్లకే వేడెక్కి ఆగిపోతది. అది సల్లారేదాక మనం దాని ముంగట కూసోవాలె.”

“ఇప్పుడేం చేస్తున్నం?”

“కూసున్నం.”

“మరి?”

“ఇది వేరే. ఇది కరెంటు తప్పు, మిషన్‌ది కాదు. ఇరవై రెండేండ్లాయె, ఒక్కనాడన్న మొండికేసిందా? మిర్యాలగూడల ఎన్ని రైస్‌మిల్లులకు పని జేసింది! బాయిలర్ గొట్టాలు, వడ్ల డబ్బాలు... లోపల అంత రాగి తీగ. పాడైతే నేనే ఇప్పి నేనే సుట్టుకుంట. చిన్నదాంట్ల ఏముంటది? ఒక బోర్డు. బోర్డు కాలిందంటే పట్టుకొని హైదరాబాద్ ఉరకాలె.”

“పాడైనప్పటి సంగతి కదా. ముందుగాల కొంటే గద పాడైతది.”

“ఎందుకే రెండు మిషన్లు? ఒక్క పెండ్లాన్ని సాదుడే...”

“ఏంది?”

“ఏం లేదు.”

“నేను పెద్దది అమ్ముమంటలేను. అది షాపుల ఉండనీ. షాపుకొచ్చే గేట్లు, ట్రాలీలు దాంతోనే కొట్టు. బయటికి పొయ్యే పనికి చిన్నది. మొన్న కుడకుడ రోడ్డుల మూడంతస్తుల బంగ్లా రేలింగ్ పని ఏమాయె? మనకు చెప్పినోళ్లు మల్ల నరేష్‌కిచ్చిన్రు. ఎందుకిచ్చిన్రు? దీన్ని మూడో అంతస్తుకు ఎట్ల ఎక్కియ్యాలె? ఆ పోరడు సంచిల ఏసుకొని టకటక ఎక్కిండు.”

“వైరు పొడుగు పెడితే...”

“పెట్టినం గద కోదాడల. నువ్వు మీద ఉండి కరెంటు పెంచు, తగ్గించు అని ఒర్రుడు, నేను కింద మిషన్ కాడ తిప్పుడు. దినమంత మెట్లు ఎక్కుడు, దిగుడు. యాదికున్నదా?”

“యాదికున్నది. మంచిగనే అయింది గద పని.”

“పని మంచిగనే అయింది.”

“ఏందట్ల పొత్తికడుపు పట్టుకున్నవ్?”

“ఆకలైతున్నది.”

“ఇప్పుడే గద తిన్నవ్. డబ్బల నాకు సగం సుత మిగల్చలే.”

“తింటే మల్ల ఆకలి గాదా? నువ్వు నీ కరెంటు సంగతి సూడు.”

“ఆటో మీదికెళ్లి దించేటప్పుడు ‘అబ్బా’ అన్నవ్. ఏమన్న పట్టేసిందా?”

“అననా? నూరు కిలోలకు తక్కువుండదు అది. చక్రాలుండి ఏం ఫాయిదా, బురదల తిరుగుతయా? నువ్వు ముంగట, నేను ఎనక. బరువంత ఎనకనే పడ్తది, ఎరుకేనా?”

“ఎప్పుడూ ఎత్తేదే గద.”

“అవు. ఎప్పుడూ ఎత్తేదే.”

“గట్లెందుకంటవ్ మరి... ఆగాగు, ఆ వచ్చేది యాదగిరేనా? ఓ యాదగిరన్నా! కరెంటు ఎన్నింటికిస్తరట?”

“ఒర్రకు. అది యాదగిరి బర్రె.”

“...ఎండకు తెల్వలే.”

“ఎండ యాడున్నదయ్యా? పొద్దటిసంది మబ్బే.”

“ఆ, మబ్బుకే. మబ్బుకు కండ్లు గిట్లనే అయితయ్. అయినా నా కండ్లు ఇడిసిపెట్టు, నీ కండ్లకేమైంది మొన్న? ఆలుగడ్డ కూర వండుమంటే ముక్కలు కోసి కండ్ల మీద పెట్టుకొని పండుకున్నవ్. మా వెల్డింగోళ్లు మంట తగిలితే పెట్టుకున్నట్టు.”

“మిరపకాయలు దంచిన ఆ రోజు.”

“మిరపకాయలకు ఆలుగడ్డా?”

“ఏది దొరికితే అది. నువ్వు ముచ్చట మార్చకు.”

“నేను మార్చలే. నీకు నరేష్ తలకెక్కిండు. నా కాడ నేర్చుకున్నోడు, నాకే చిన్న మిషన్ గొప్పలు చెప్తడు.”

“మంచి పోరడే. పెద్దోళ్లంటే మర్యాదున్నది.”

“ఉన్నది, కాదనను. మన ఎనక సందులనే గద ఆని షాపు, నాకన్నీ ఇనబడ్తయి. నువ్వు బుధవారం, శుక్రవారం ఆడోళ్ల ప్రార్థన కూడికకు పోతవ్ సూడు, అప్పుడు నేను ఒక్కన్నే కూసుంట గద. రెండు మూడు నెలల సంది గా టైములనే ఎవడో కొత్తోడు కొడ్తున్నడు ఆని కాడ.”

“ఎవరట?”

“ఏమో. నేను సూడలే. చప్పుడే ఇన్న. మొదట్ల కోడి సాటల గోకినట్టుండేది. రాడు అంటుకునుడు, పీకుడు, అంటుకునుడు, పీకుడు. నవ్వి నవ్వి సచ్చిన.”

“నవ్వినవా?”

“నవ్వరా మరి? ఇప్పుడు నయమైండు. చెయ్యి మెత్తగైంది. గారెలు కాలినట్టు వస్తున్నది చప్పుడు. నాకు సూడాల్సిన పనిలేదే, రాడు దగ్గర పెట్టిండా, దూరం పెట్టిండా, ఇంటే చెప్త. ఓపికున్నది ఆనికి. తప్పు పోతే మల్ల మొదటికెళ్లి కొడ్తడు. ఏడాదికి మంచి పనోడైతడు.”

“ఏడాదా? ఆర్నెల్లకు కాడా?”

“ఏడాదన్న. నీకెందుకే అంత తొందర?”

“ఊరికెనే అడిగిన. అగో, ఇప్పుడొచ్చేది బర్రె కాదు, యాదగిరే. చాయ తెస్తున్నడు.”

“మత్తయ్యా, చాయ తాగుండ్రి. అక్కా, నీకు చక్కెర జర ఎక్కువేయించిన. సబ్‌స్టేషన్‌కు ఫోన్ కొట్టిన, రెండింటికిస్తరట. ఇస్తమంటరు గని, ఇచ్చినప్పుడే ఇచ్చినట్టు.”

“నాటు కూలోళ్లు ఎప్పుడు యాదగిరన్నా?”

“రేపే! అందుకే గద నా పరేషాన్. ఈ రోజు కేజివీలు అతికితే పొద్దుమూకేలోపు దమ్ము అయితది, రేపు నాటు. లేకుంటే ఇరవై మంది కూలోళ్లు వేరే పొలానికి పోతరు, మల్ల దొరకరు. మత్తయ్యా, ఒకటి చెప్త, ఏమనుకోకు.”

“చెప్పు.”

“ఈసారి జర సూసి కొట్టు. పోయినేడు ట్రాలీకి నువ్వు కొట్టింది నెలకే ఊడింది.”

“ఊడిందా? నాకు చెప్పలేదేంది?”

“ఏం చెప్త, ఇరవై ఏండ్ల సంది తెల్సినోనివి. కోదాడల వేరేటోనితో కొట్టిపిచ్చిన. ఆడు సూసి, ‘ఇదేంది, అతుకు గీత మీద లేదు, పక్కకున్నది’ అన్నడు. ఇనుము మీద ఇనుము పోసినట్టున్నది, గీత గీతనే ఉన్నదట. నీ చేతిపని గట్ల ఎన్నడూ లేదు. తాగి కొట్టినవా అనుకున్న.”

“అన్నా, మా ఆయన తాగడు.”

“ఎరుకే అక్కా. ఆ దినం నువ్వు సుత లేకుంటివి షాపుల, మీ అక్క ఊరికి పోయినవన్నడు. సరే, నేను మోటరు కాడుంట. కరెంటొస్తే కేకేస్త.”



“చాయ సల్లారుతున్నది, తాగు.”

“వద్దు.”

“తాగయ్యా. ఎప్పటిదో ముచ్చట, ఆయన అన్నడు, పోయిండు.”

“సుందరా, చిన్నది వద్దు. అంతే. ఇగ అడగకు.”

“ఎందుకు వద్దో ఒక్క మాట చెప్పు. రాడు సంగతి కాదు, బోర్డు సంగతి కాదు. అసలు మాట చెప్పు.”

“అది ఒక్కడు పట్టేది. ఇది ఇద్దరు ఎత్తేది.”

“అయితే?”

“అయితే ఏం లేదు. ఇద్దరం వస్తున్నం, పోతున్నం. గట్లనే పోనీ.”

“గట్ల పోదయ్యా ఇగ. నేను ఎత్తలేను.”

“నడుమా?”

“నడుము కాదు.”

“మరి?”

“ఆడోళ్లది.”

“ఆడోళ్లదంటే ఏంది? సక్కగ చెప్పు.”

“గర్భసంచి జారిందట. కూడిక అని చెప్పి, ఆడికొచ్చే సారమ్మను తోలుకొని పెద్దదవాఖానకు పోయిన. డాక్టరమ్మ సూసి, బరువులెత్తుడు బందు పెట్టుమన్నది. నీళ్ల బిందె సుత ఎత్తొద్దట. ఇంకా జారితే ఆపరేషనే అన్నది.”

“ఎప్పుడు?”

“ఈస్టర్‌కు ముందు.”

“ఈస్టరా! నాలుగు నెలలాయె గదనే! మరి పొద్దున ఎట్ల ఎత్తినవ్?”

“ఎత్తిన. గుడ్డ బిగిచ్చి కట్టుకొని ఎత్తిన. నేను ఎత్తకుంటే నువ్వొక్కనివి ఎత్తుతవా?”

“అయ్యో దేవా... నాకు చెప్పొద్దానే?”

“ఎట్ల చెప్పాలె? అన్నం పెట్టుకుంట చెప్పాలెనా? నోరు రాలే నాకు, సిగ్గైంది. అందుకే మిషన్ ముచ్చట తీసిన. నాలుగు నెలల సంది మిషన్ ముచ్చటనే తీస్తున్న. నువ్వేమో రాడు లావంటవ్, బోర్డు కాలుతదంటవ్, రాగి తీగంటవ్. రాగి తీగ పాడుగాను!”

“ఏడ్వకు. ఓ సుందరా, ఏడ్వకే. నాదే తప్పు. ‘ఎప్పుడూ ఎత్తేదే’ అని ఎట్లన్ననో... నా నోట్ల మన్నువడ. ఇగ దాన్ని ముట్టకు. పోయేటప్పుడు యాదగిరి మనుషులు ఎక్కిస్తరు. ఇదే ఆఖరు పని. షాపు బందు.”

“షాపు ఎందుకు బందు? చిన్నది కొను, పది కిలోలు లేదది.”

“కొని?”

“కొని పని చెయ్యి.”

“చెయ్యలేను.”

“ఎందుకు?”

“ఒక్కన్నే పోయి చెయ్యలేను. నువ్వు పక్కన లేకుంటే... యాదగిరి చెప్పింది ఇన్నవ్ గద. తాగి కొట్టినవా అన్నడు. తాగితే బాగుండు. గీత కనబడ్తలేదే నాకు. నడిమిట్ల నల్ల మచ్చ. సుట్టూ అంత కనబడ్తది, నువ్వు కనబడ్తవ్, చెట్టు కనబడ్తది. ఏది సూద్దామని సూస్తే అదే మాయమైతది. కండ్ల డాక్టర్ ఆ వెల్డింగ్ ఎలుగుకు లోపల కాలిందన్నడు. కండ్లద్దాలు పెట్టినా రాదట. ఇన్నేండ్లు సగం సార్లు నల్లద్దం అడ్డం పెట్టక ఉత్త కండ్లతోనే కొడ్తిని గద, అనుభవిస్తున్న. నీకు చెప్తే దిగులు పడ్తవని చెప్పలే.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“బర్రెను అన్నా అని పిలిస్తే తెల్వదా? రెండేండ్ల సంది నీ పక్కన కూసొని ‘ఇటు, జర ఇటు, ఎక్కువ పోయినవ్, సక్కగ రా’ అని మొత్తుకుంటున్న. నాకేమన్న నోటిదూలనా?”

“నేను... నేను నీకు తెల్వదనుకున్న. పెండ్లాం వాగుతున్నది, మంచిగైంది, పని నడుస్తున్నది అనుకున్న.”

“నడిచింది గద. నడవనీ అని నేను సుత సప్పుడు చెయ్యలే.”

“ఇగ నడవదు. నువ్వు దాన్ని ఎత్తొద్దు, నేను గీత సూడలేను. ఇప్పుడు చిన్నది కొంటే మాత్రం ఎవరు కొట్టాలె సుందరా? చెప్పు, ఎవరు కొట్టాలె?”

“నరేష్ కాడ ఓపికున్న పనోడు ఉన్నడంటివి గద.”

“ఆ కొత్తోడా? ఆడు మన కాడికెందుకొస్తడు?”

“వస్తడు. నువ్వు పక్కన కూసొని, చప్పుడు ఇని తప్పొప్పులు చెప్తే ఇంకా జల్దీ నేర్చుకుంటడు. నవ్వొద్దు మల్ల.”

“వస్తడని నీకెట్ల ఎరుక? ఆన్ని సూసినవా నువ్వు?”

“మత్తయ్యా! కరెంటొచ్చింది! జల్దీ కానీయ్, మల్ల పోతది!”

“ఇన్నవా, యాదగిరి కేకేస్తున్నడు. లెవ్వు.”

“వస్తున్న ఆగు. ఆడు ఎవడో చెప్పకుంటివి. పేరేంది ఆనిది?”

“సుందరమ్మ. ఆ అద్దం ఇటియ్యి, నువ్వు చప్పుడు ఇను.”