కోసేందుకు చోటు లేని చీర

కూతురు ఎక్కిన ఉరుకుంద జాతర బస్సు బోల్తా పడి ఏడాదైంది. ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్న ఆ కూతురి దగ్గరికి తండ్రి వచ్చాడు.

“చీరకూ చీరకూ నడుమ కోసేదానికి జానెడు పోగులు నెయ్యకుండా వదలల్ల కదమ్మా? మూడు చీరలు ఒకటే గుడ్డ చేసినావే, ఏనుగుకు కట్టల్లనా?”

“నేసినట్టే గుర్తు లేదు, నాయినా.”

“చేతులు నీవే కదా?”

“చేతులు నావే. నేనే ఈడ ఉండను. బస్సు కింద ఇరుక్కున్నప్పటి మాదిరే, పైనుంచి ఎవురినో సూస్తాండినట్టు ఉంటాది.”

“ఆ పొద్దు అట్లయినందుకే నొప్పి తెలీలేదంటివి.”

“ఆ పొద్దు అదే కాపాడింది. ఇప్పుడు ఇడ్సిపెట్టదు.”

“ఆదోని డాక్టరమ్మ కాడికి పోదాం. గుంతలోనుంచి లెయ్, తల్లీ.”

“లేసినా కదా నాయినా, నీ పక్కనే నిలబడుకోని ఉండాను.”

గుంతలో ఆమె కాళ్లు మగ్గం తొక్కుతూనే ఉన్నాయి.