బోణీ బేరం

ఫిలిప్పీన్స్‌లోని సెబూలో, మూతపడిన ఆఫీసుల కంప్యూటర్లు అమ్మే కొట్టు. పొద్దున్నే వచ్చిన మొదటి మనిషి మారివిక్ కావడంతో కొట్టు నడిపే క్రిసాంతోకి కాస్త తలకొట్టేసినట్టయింది. వాళ్ల కాల్‌సెంటర్ మూతపడేదాకా ఆమె అతని కిందే పనిచేసింది.

“ఆ రంగుల దీపాల కంప్యూటర్ వద్దు సార్. నేను పనికి కొంటున్నా, ఊరేగింపుకి కాదు.”

“కొత్తది కదా అని చూపించా. ఏం పని?”

“మన పనే. ఆస్ట్రేలియాలో ఒక పళ్ల డాక్టర్‌కి ఫోన్లు ఎత్తడం. సోమవారం మొదలు. మొదటి వారంలోనే కంప్యూటర్ మొరాయిస్తే ఆ పని ఇంకొకళ్లకి పోతుంది.”

“ఎక్కడ కూర్చుంటావు?”

“మా అత్త కుట్టుమిషన్ గది ఖాళీ చేయించా.”

“అబ్బో. యజమానురాలివయ్యావన్నమాట.”

“వెటకారం తర్వాత. ఆ మూలన బూడిదరంగు పెట్టెలు… అవి మనవే కదూ?”

“…మనవే. వేలంలో నేనే పాడుకున్నా.”

“మమ్మల్ని వాటి ముందు ఆరేళ్లు కూర్చోబెట్టి, ఇప్పుడు వాటినీ అమ్ముకుంటున్నారు.”

“బతకాలి కదమ్మా. అవి మాత్రం వద్దులే, పాతవి. జనం నవ్వుతారు.”

“నాకవే కావాలి. బోణీ బేరం సార్, కాదంటే రోజంతా ఈగలు తోలుకుంటారు.”

“సరే, సరే. బోణీ పూట ఏదడిగినా కాదనను.”

“మధ్యలో ఆగిపోవు కదా?”

“నువ్వు మూడుసార్లు కాఫీ ఒలకబోసినా ఆగలేదు.”

“రెండుసార్లు. మూడోది మీరు.”

“ఆ సంగతి వదిలెయ్. లోపల డిస్క్ తీసి కొత్తరకం వేశా, మెమరీ పెంచా. నువ్వు గుమ్మంలోంచి కుర్చీదాకా వచ్చేలోపు తెరుచుకుంటుంది.”

“ఇంకా మర్చిపోలేదా?”

“ఎలా మర్చిపోతా? ఏడింటి షిఫ్టుకి ఏడుంబావుకి, చేతిలో వేడివేడి సియోపావ్ బన్నుతో.”

“మీరేమో తలుపు దగ్గర నిలబడి ‘ఏడు అంటే ఏడే’ అనేవారు. నేను ఇంట్లో మిమ్మల్ని వెక్కిరించీ వెక్కిరించీ, మా చంటిది మొదట నేర్చుకున్న మాట అదే.”

“నవ్వింది చాల్లే. మీట నొక్కు. చెవి పెట్టి విను, ఫ్యాను గరగరలాడుతోందా?”

“లేదు. బావుంది. ఇలాంటివి రెండు ఇవ్వండి.”

“రెండా? ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందనా?”

“కాదు. ఇంకో మనిషిని పెట్టుకుంటున్నా.”

“ఎవరు? మనవాళ్లలోనా?”

“ఉన్నాడులెండి ఒకాయన. పనిమంతుడే. నోరే కాస్త ఎక్కువ.”

“అలాంటివాణ్ని పెట్టుకోకు, నెత్తికెక్కుతాడు.”

“ఎక్కి చాలాకాలమైంది. అలవాటైపోయింది.”

“కోపంగా ఉన్నవాళ్లతో ఓపిగ్గా మాట్లాడగలడా? పంటినొప్పితో ఫోన్ చేసేవాళ్లు తిడతారు.”

“ఆఫీసు మూసిన రోజు మేమంతా తిట్టాం సార్. ఒక్కొక్కళ్లనీ పక్కన కూర్చోబెట్టుకుని ఓదార్చి పంపాడు. తన ఉద్యోగమూ పోయిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.”

“మరి… ఈ కొట్టు?”

“మధ్యాహ్నం పని అయ్యాక తెరుచుకోమనండి ఆయన్ని.”

“మారివిక్, నాకు ఇప్పుడు…”

“బోణీ పూట ఏదడిగినా కాదనను అన్నారు. రెండోది కట్టకండి సార్, మీకు నచ్చింది మీరే ఏరుకోండి. సోమవారం ఏడు అంటే ఏడే.”