కోతపండుగ కాగితం

హలో, రూతక్కా… ఆ, నేనేక్కా, ఎస్తేరును. పాపన్న కూతురిని.

… బాగనే ఉండా. … లే, జొరం లేదు. ఆయాసం, అంతే. గడపకూ రోడ్డుకూ తిరుగుతా మాట్లాడతాండా, అందుకే.

యాడుండావు? … రాప్తాడులోనే, పాస్టరయ్యగారింట్లోనా. … పువ్వులు తర్వాత కట్టుకుందువులే. అక్కా, రేపటి కోతపండుగ ఆరాధన కాగితం చూసినావా?

… ముద్దుగా ఉండాదా. … తప్పు దాంట్లోనే ఉండాదక్కా.

నాలుగు ఆదివారాల ఆరాధనకూ అంశాలు నన్నే రాయమంటిరి గదా మీరంతా. స్త్రీల ఆదివారం, పిల్లల ఆదివారం బాగనే రాస్తి. కోతపండుగకు… పంటలో దేవునికిచ్చే ప్రథమ ఫలాలు ఎవరెవరు తెస్తారో ఆ పేర్లు… పోయినేడు కాగితం చూసి ఎక్కించేసినా. … ఆ, అట్లనే. పద్నాలుగు ఇండ్లవీ.

… నవ్వద్దక్కా.

ఈ యేడు యాడుండాది పంట? శనగచెట్లకు ఊడలు దిగి కాయ పట్టేటప్పుడు వాన ఎగ్గొట్టింది గదా. ఎండిన మా చేన్లోకి మేతకు గొర్రెలు తోలేస్తిమి. కాగితంలో మాత్రం ‘పాపన్న కుటుంబం – శనక్కాయల మూట’ అని ఉండాది. … లే, బోరు ఉండేది ఓబుళేసు మామకు ఒక్కనికే.

… నాయననా? కాగితం మడిచి జోబులో పెట్టుకున్యాడు. ‘పేరు అచ్చేసినాక చేతులూపుకుంటా పోతే ఎట్ల’ అని అమ్మతో అన్యాడు. తెల్లారగానే బండేసుకొని శింగనమలకు పోయినాడు. మా మేనమామకు చెరువు కింద పంట ఉండాది గదా… ఆ, ఒక మూట అడిగి తెస్తాడంట. మాదే అని చెప్పి బలిపీఠం ముందర పెట్టేదానికి.

… నాయన ఎప్పుడూ అబద్ధమాడే మనిషి కాదక్కా. నా రాతతోనే ఆడతాండాడు.

లక్ష్మన్న పెద్దనాయనోళ్లు రేపు చర్చికే రామంటాండారు. మారెక్క అవ్వ కూడా. వాళ్ల పేర్లూ ఉండాయి గదా కాగితంలో.

ఆ పేర్లు పిలవద్దని నువ్వు అయ్యగారికి చెప్పక్కా. … నేనా? నాకు చేతకాదు. అయ్యగారి ముందర నాకు మాటే రాదు, నీకు తెలుసు గదా. … పక్కనే ఉండారా? … వద్దక్కా, ఫోన్ ఇయ్యద్దు… అక్కా—

… వందనాలయ్యగారూ.

… ఆ. … ఆ. … తప్పు నాదేనయ్యగారూ.

… లే, పేర్లు కొట్టేస్తే చాలదు. కాగితాలు ఇంటింటికీ పోయినాయి. మీరు పిలవకపోయినా, ఎవరి చేతుల్లో ఏముండాదో అందరూ చూస్తారు.

… నేను… ఒకటి అనుకున్యా. రాసి పెట్టుకున్యా. … చదవల్లనా?

… ఆరాధన చర్చిలో వద్దు. మా చేన్లో పెడదాం. … ఆ, ఎండిపోయిన చేన్లోనే. ఆడికి ఎవరూ ఏమీ మోసుకొచ్చే పని లేదు. అందరూ నేల మీదనే కూర్చోవల్ల. కృతజ్ఞత పాట ముందే పాడద్దు. ఎవరికి ఏం ఎండిపోయిందో వాళ్లు దేవునికి చెప్పుకోవల్ల, మొదట. గట్టిగానే. కోపమొస్తే కోపంగానే. పాట ఆ తర్వాత, పాడగలిగినోళ్లు పాడతారు. … అంతే రాసినా.

… నిజంగానా? అట్లనే పెడతారా? … నాయననా… ఇంకా అడగలేదు. … ఒప్పుకోకపోతే మూట తీసుకొని చర్చికే వస్తాడు. తలకాయ ఎత్తకుండా నిలబడతాడు. అది నేను చూడలేనయ్యగారూ.

బండి వస్తాంది… మాదే. వెనక మూట ఉండాది. … లే, మీరు మాట్లాడద్దు. నేనే అడుగుతా. లైన్లోనే ఉండండి.

నాయనా… ఆ మూట దించద్దు. … కాగితంలో అది నేను చూసుకోకుండా రాసింది. రేపు సంఘమంతా మన చేనికొస్తారంట… ఆడనే ఆరాధన. … పంట లేదని తెలిసే వస్తాండారు. … నేనే అడిగినా. అయ్యగారిని నేనే అడిగినా నాయనా.

… రావద్దని చెప్పల్లనా?

…

— అయ్యగారూ. … కొడవలి యాడుండాదని అడిగినాడు. … చేని దోవలో ముండ్లకంప పెరిగుండాదంట. అవ్వోళ్లు నడిచేదానికి కొట్టేయల్లంట.

… లే, మూట దించలేదు. బండి మీదనే ఉండాది.

పెట్టేస్తానయ్యగారూ. నేనూ పోవల్ల… అంత కంప నాయన ఒక్కడే ఈడ్చలేడు.