రెండు టైర్లు, ఒకటే నంబరు

టైర్లా? కూర్చో క్రిస్టెన్, ముందు కూర్చో. ఆ కాగితం తర్వాత చూస్తాలే, కళ్ళద్దాలు లోపల టీవీ దగ్గరున్నాయి. మీ తాత ట్రాక్టరుకే కదా? ఆ ఎర్రదేనా, అరవై ఆరు నాటిది? డెల్బర్ట్ పోయి ఇరవై ఎనిమిదేళ్ళయింది, అది మాత్రం పోలేదన్నమాట. సమాధుల తోటలో గడ్డి ఇకనుంచి నేను కోస్తానని కమిటీని అడిగావట, చర్చిలో కాఫీ దగ్గర విన్నాను. శనివారం ఒక వరస కోసి చూపించమన్నారా? మీ తాత దగ్గర్నుంచి లాక్కున్న పని అది, తెలిసే అడిగావా? సరే, తెలిసే అడిగి ఉంటావు, ఆ ఇంటి మొండితనం ఎక్కడికి పోతుంది.

మీ తాతకి రసమట్టం పిచ్చి, అది చెప్తే గాని టైర్ల సంగతి తెలీదు నీకు. జానెడు రసమట్టం, బుడగ తేలుతూ వంపు చూపించేది, ఓవరాల్స్ గుండె జేబులో, మిగతావాళ్ళకి పెన్ను ఉండే చోట. హోటల్లో కూర్చోగానే మెనూ చూడడు, బల్ల మీద అది పెడతాడు. బుడగ మధ్యకి రాకపోతే నేప్కిన్ మడిచి బల్ల కాలి కింద దూర్చి, అప్పుడు కాఫీ. పెళ్ళి విందులో కేకు కింద పెట్టాడు ఒకసారి, పెళ్ళికూతురు తల్లి ఏడ్చినంత పని చేసింది. ఇంతకీ నేను కొత్తగా వరండా కట్టుకున్నాను చూడూ, ఇదే, ఇప్పుడు నువ్వు కూర్చున్నది. ఊరందర్నీ భోజనానికి పిలిచాను. మా ఆవిడ బంగాళాదుంపల సలాడ్ తెచ్చి పెడుతోంది, ఈయన వంగి నేల మీద రసమట్టం పెట్టి, "ఒరే ఆర్లో, నీ వరండా ఉత్తరానికి జారిపోతోందిరా" అన్నాడు, నలభై మంది ముందు. ఇక చూసుకో, పదేళ్ళ పాటు నేను జారుడు ఆర్లోని. బ్యాంకులో ఆ పిల్ల కూడా అలాగే పిలిచేది. నవ్వు, నవ్వు, నీకేం.

ఆఁ, టైర్లు. ఆఖరేడాది పాతవి అరిగిపోతే, మొదట పొలం ట్రాక్టరుకుండేలాంటి గట్ల టైర్లు వేశాడు, గడ్డి కోసే ఆ చిన్న బండికి. ఎందుకయ్యా అంటే, "చూడ్డానికి ట్రాక్టరులా ఉండాలి కదా" అన్నాడు. ఉంది, చూడ్డానికి. వాన పడ్డ మర్నాడు సమాధుల మధ్య తిప్పాడు, పచ్చికంతా దున్నిపోసినట్టయింది. హాల్వర్సన్ల ముసలమ్మ కమిటీకి వచ్చి, "మా ఆయన మీద మొక్కజొన్న వేస్తున్నారా?" అని అడిగింది. దాంతో కమిటీవాళ్ళు పచ్చికని చీల్చని నున్న టైర్లు వేస్తే వెయ్యి, లేకపోతే మానుకో అన్నారు. ఈయన తిన్నగా నా కొట్టుకొచ్చాడు. అప్పుడు ఈ ఊళ్ళో టైర్ల కొట్టు నాదొక్కటే కదా.

నా దగ్గర నున్నవి రెండే ఉన్నాయి. ఒకటి ఒక కంపెనీది, రెండోది ఇంకో కంపెనీది. పక్కన అచ్చేసిన నంబరు మాత్రం ఒకటే. ఇది గుర్తుపెట్టుకో అమ్మాయ్, నంబరుని నమ్మకు. ఒకే నంబరుతో ఇద్దరు చేసిన టైర్లు ఒకే ఎత్తుండవు. గాలి నింపి, చుట్టూ టేపు పెట్టి కొలవాలి. టైర్లు అమ్మేవాడెవడికైనా తెలిసిన సంగతే. మీ తాతకి తెలీదు. బిగించుకుని ఇంటికెళ్ళి, గచ్చు మీద రసమట్టం పెడితే బుడగ మధ్యలో ఉంది, బండి మీద పెడితే లేదు. ఆ చలికాలమంతా ఇరుసు వంగిందేమోనని విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. చివరికేం చేశాడో తెలుసా, ఎత్తున్న వైపు టైర్లో గాలి తీసేశాడు, బుడగ మధ్యకొచ్చేదాకా. బండి ఖాళీగా నిలబెట్టి చూసుకుని మురిసిపోయాడు. తాను ఎక్కి కూర్చుంటాడన్న సంగతే మరిచిపోయాడు మహానుభావుడు. రెండొందల అరవై పౌండ్ల మనిషి. ఎక్కగానే గాలిలేని టైరు అణిగిపోయేది, కింద గడ్డి కోసే డెక్కు ఆ వైపు నేలకి ఒరిగేది. వరసకో బోడిగుండు. మే నెలాఖర్లో అందరూ పూలు పట్టుకుని వచ్చే రోజుకి సమాధుల తోట నిండా గోధుమరంగు చారలు. అదే వారం పని తీసేశారు.

ముప్పై ఏళ్ళు కోశాడమ్మా. మీ నాయనమ్మ సోల్వైగ్ పోయాక, ఆ పని తప్ప ఏముంది ఆయనకి. తీసేశాక కూడా వచ్చేవాడు, బండి లేకుండా. సోల్వైగ్ సమాధి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కుట్టుపని కత్తెరతో గడ్డి కత్తిరించేవాడు. పక్కన రసమట్టం. మేం హోటల్లో దాని మీద జోకులేసుకునేవాళ్ళం. అందరికంటే గట్టిగా నవ్వింది నేను.

టైర్లు తీసుకునేటప్పుడు అడిగాడు నన్ను. "ఆర్లో, రెండూ ఒకటేనా?" అని. నేనేమన్నానో తెలుసా? "నంబరు చదువుకో" అన్నాను. నాకు తెలుసు. ఆ వరండా మాట మనసులో పెట్టుకుని అలా అన్నాను. ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ, మా ఆవిడకి కూడా. సిగ్గుపడ్డాను, చెప్పలేదు. పోయేదాకా ప్రతి గురువారం ఇక్కడికే వచ్చి కాఫీ తాగేవాడు, ఇదిగో ఈ బల్ల కాలి కింద నేప్కిన్ మడిచి పెట్టి మరీ. నేనేమో వెక్కిరిస్తూ ఉండేవాణ్ణి.

సరే, ఏదీ ఆ కాగితం. ఉండు, అద్దాలు తెచ్చుకుంటాను.

ఎక్కడ దొరికింది? బండి సీటు కింద పెట్టెలోనా? ఇది డెల్బర్ట్ రాతే. ఎడమ, డెబ్బై అంగుళాలు. కుడి, డెబ్బై మూడు. చుట్టుకొలత. కింద తారీఖు వేశాడు. తొంభై ఒకటి, జూన్.

అంటే పని తీసేసిన వారమే కొలుచుకున్నాడు. మూడేళ్ళు బతికాడు ఆ తర్వాత. మూడేళ్ళూ, తెలిసి కూడా, ఆ గురువారాలు...

కాఫీ చల్లారిపోతోంది, తాగు. తాగి టేపు తీసుకురా. బండి దగ్గరికి పోదాం, నువ్వెక్కి కూర్చో, నేను కొలుస్తాను.